బొమ్మల కథ ఆటలో ఫైళ్ళు ఎలా సర్దుకోవాలి?

రాసినది: 9వ తరగతి విద్యార్థిని



మా తరగతి వాళ్ళం కంప్యూటర్ గదిలో "ఇప్పపూల బాట" అనే ఆట తయారుచేస్తున్నామని మీకు తెలుసు. తెర మీద బొమ్మ, కింద మాటలు, మధ్యమధ్యలో "ఏ దారిన పోదాం?" అనే ప్రశ్న. ఇలాంటి ఆటని విజువల్ నావెల్ అంటారు. జపాన్‌లో వీటికి చాలా పేరు. మేము వాడే రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్‌ని టామ్ రోథామెల్ అనే ఆయన 2004లో విడుదల చేశారు. డబ్బు కట్టక్కర్లేదు. "రెన్‌ఆయ్" అంటే జపాను భాషలో ప్రేమ, "పైథాన్" అంటే ఒక కంప్యూటర్ భాష. రెండూ కలిపి రెన్‌పై అని పెట్టారు. (మా ఆటలో ప్రేమకథ లేదు మేడమ్ గారూ! అవ్వా మనవరాలూ తెల్లారకముందే ఇప్పపూలు ఏరడానికి పోయే కథ.)

ఈ కథలో మాటలు పుస్తకంలోంచి తీసినవి కావు. సెలవులకి ఇంటికి పోయినప్పుడు మా అవ్వల దగ్గర విని, కోయ మాటల్ని తెలుగు అక్షరాల్లో నోటుబుక్కుల్లో రాసుకొచ్చాం. అందులో కొన్ని మాటలు ఇప్పుడు మా ఊళ్ళో ముసలివాళ్ళు మాత్రమే అంటారు. పాఠం పోతే పుస్తకం చూసి మళ్ళీ రాసుకోవచ్చు. అవ్వ చెప్పిన మాట పోతే ఏ పుస్తకంలో వెతుకుతాం? అందుకని ఫైళ్ళు సర్దే పని నాకు బొమ్మలు గీసే పని కంటే పెద్దదిగా తోస్తుంది.

ఇక పాఠంలోకి వస్తాను. ఫైళ్ళ పేర్లు కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఇక్కడ పలికినట్టు రాస్తున్నా.

కొత్త ఆట మొదలుపెట్టగానే రెన్‌పై "గేమ్" అనే ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్ళు ఇస్తుంది: స్క్రిప్ట్, ఆప్షన్స్, స్క్రీన్స్, జీయూఐ. చివర ఆర్‌పీవై అని ఉంటుంది. కథ రాయాల్సింది స్క్రిప్ట్‌లో. ఆప్షన్స్‌లో ఆట పేరు, జీయూఐలో రంగులు, అక్షరాలు. మొదట ఉండే ఫాంటులో తెలుగు లేదు, ఉత్త డబ్బాలు కనిపిస్తాయి. తెలుగు ఫాంటు తెచ్చి గేమ్ ఫోల్డర్‌లో పెట్టి, జీయూఐ ఫైల్లో దాని పేరు రాయాలి. స్క్రీన్స్ జోలికి ఇప్పుడు పోవద్దు.

చాలామంది కథంతా స్క్రిప్ట్ ఒక్కదాంట్లోనే రాయాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. గేమ్ ఫోల్డర్‌లో ఆర్‌పీవై ఫైళ్ళు ఎన్ని ఉన్నా, లోపల చిన్న ఫోల్డర్లలో ఉన్నా, రెన్‌పై అన్నిటినీ తనే వెతికి చదువుకుంటుంది. ఫలానా ఫైలుని చదువు అని చెప్పే పని కూడా లేదు. మా అయిదు గుంపులకి ఇదే ఆధారం. ఒకటే ఫైలు ఉంటే, రెండు గుంపులు వేరువేరు కంప్యూటర్లలో రాసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చినప్పుడు వెనక వచ్చినవాళ్ళది ముందువాళ్ళ దాని మీద పడుతుంది. ముందువాళ్ళ మాటలు మాయం! గుంపుకొక ఫైలు అయితే ఆ గొడవ లేదు. ఇల్లు, వాగు, గుట్ట, చెట్టుకింద, సంత: ఇవీ మా అయిదు ఫైళ్ళు. స్క్రిప్ట్‌లో "స్టార్ట్" అనే లేబుల్ పెట్టి, అక్కడినుంచి ఇల్లు ఫైలుకి పంపేస్తాం, అంతే.

పంపడం అంటే ఇలా:

లేబుల్ వాగు_మొదలు:
    సీన్ వాగు తెల్లారి
    అవ్వ "అడుగు చూసి వెయ్యవే."
    జంప్ గుట్ట_మొదలు

లేబుల్ అంటే ఊరి పేరు రాసిన బోర్డు లాంటిది. జంప్ అంటే ఆ ఊరికి పొమ్మనడం. ఊరు ఏ ఫైల్లో ఉందో చెప్పనక్కర్లేదు. కానీ ఒకే పేరుతో రెండు ఊళ్ళుంటే బస్సు ఎక్కడికి పోతుంది? వాగు గుంపు "మొదలు" అని, గుట్ట గుంపూ "మొదలు" అని పెడితే, ఈ లేబుల్ రెండుసార్లు ఉందని చెప్పి రెన్‌పై ఆట మొదలుపెట్టనే పెట్టదు. అందుకే ప్రతి లేబుల్‌కీ ముందు ఫైలు పేరు తగిలించాలి. లోపలి వరసలకి నాలుగు ఖాళీలు వదలాలి. ట్యాబ్ మీట నొక్కితే వచ్చే ఖాళీని రెన్‌పై ఒప్పుకోదు.

జంప్ రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది? కింద ఇంకో లేబుల్ ఉంటే కథ దాంట్లోకి జారిపోతుంది. వాగు దాటనివాళ్ళు కూడా దాటినట్టు అయిపోతారు! ఫైలు అక్కడితో అయిపోతే ఆట ముగిసి మొదటి తెర వస్తుంది. కాబట్టి ప్రతి లేబుల్ కింద ఆఖరి వరస చూసుకోండి.

మనుషుల పేర్లు, రంగులు "పాత్రలు" అనే వేరే ఫైల్లో పెట్టాం. మారనివాటికి డిఫైన్, ఆటలో మారేవాటికి డిఫాల్ట్. గంపలో పూలు ఎన్ని దోసిళ్ళు అన్నది మారుతుంది కాబట్టి అది డిఫాల్ట్. అలా రాస్తేనే ఆట సేవ్ చేసినప్పుడు ఆ లెక్క సరిగ్గా ఉంటుంది. బొమ్మలు ఇమేజెస్ ఫోల్డర్‌లో "అవ్వ నవ్వు", "అవ్వ కోపం" అని పేరు పెట్టి ఉంచితే చాలు, షో అవ్వ నవ్వు అనగానే వచ్చేస్తుంది.

ఒక తిరకాసు ఉంది. ప్రతి ఆర్‌పీవై పక్కనే చివర సి అక్షరంతో ఇంకో ఫైలు పుడుతుంది. అది రెన్‌పై తన కోసం చేసుకునేది. మనం వాగు ఫైలు పేరుని ఏరు అని మార్చినా, పాత వాగు పేరుతో ఉన్న ఆ సి ఫైలు అక్కడే కూర్చుంటుంది. రెన్‌పై దాన్నీ చదివి, లేబుల్ రెండుసార్లు ఉందని గోల చేస్తుంది. పేరు మారిస్తే పాత సి ఫైలు తీసెయ్యాలి. కానీ ఆట అందరికీ ఇచ్చేశాక వాటిని తుడవకూడదు, ఆడేవాళ్ళు సేవ్ చేసుకున్నవి చెడే ప్రమాదం ఉంది. అసలు మొదట్లోనే పేరు ఆలోచించి పెట్టుకుంటే ఈ తంటా ఉండదు.

అర్థం సరిగ్గా తెలియని కోయ మాట వస్తే, వరస ముందు హాష్ గుర్తు పెట్టి టూడూ అని, "అవ్వని అడగాలి" అని రాయండి. ఆటలో అది కనిపించదు. రెన్‌పై లాంచర్‌లో మాత్రం టూడూలన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఇప్పటికి అలాంటివి పదకొండు ఉన్నాయి.

సంక్రాంతి సెలవుల్లో ఆ పదకొండూ అడిగి, అవ్వల గొంతులు ఫోన్‌లో రికార్డు చేసుకు రావాలని అనుకున్నాం. వాటిని ఆడియో ఫోల్డర్‌లో గుంపు పేరుతో పెడతాం. ఈ ఆటని ఆండ్రాయిడ్ ఫోన్‌కి కూడా తయారుచెయ్యొచ్చు. మా అవ్వకి చదువు రాదు గానీ, తన మాట తను వింటే ఎక్కడ తప్పు పలికించామో పట్టేస్తుంది.

అప్పటిదాకా ప్రతి శనివారం గేమ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఏడాది, నెల, రోజు వరసలో పేరు పెడుతున్నాం. పాతవి తుడవడం లేదు. పెన్‌డ్రైవ్ ఆఫీసు బీరువాలో ఉంది, తాళం మేడమ్ గారి దగ్గర. సంత గుంపు వాళ్ళ ఫైలు ఇంకా రాలేదు. ఈ శనివారానికి తేవాలి.