వేడెక్కితే ఆగిపోయే చప్పుడు

కృష్ణపట్నంలో పాత పెట్రోల్ అంబాసిడర్ ఇంకా నడుపుతున్నవాళ్ళకి ఈ చప్పుడు తెలిసే ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద టక్ టక్ టక్. నెల్లూరు దారిలో ముత్తుకూరు దాటేసరికి మాయం. "సర్దుకుందిలే" అనుకుంటాం. ఏమీ సర్దుకోలేదు. ఇంజిన్ నుంచి పొగను సైలెన్సర్ వైపు పంపే మానిఫోల్డ్ వేడికి సాగి, పొగ కారే సందును కాసేపు మూసిందంతే. అర మీటరు పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చల్లారితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగి ముడుచుకునేసరికి ముందుగా విరిగేవి తరచుగా దాన్ని ఇంజిన్‌కు బిగించే స్టడ్డుల్లో చివరివే.

జీతం పడిన రోజున అప్పు దిగులు ఇలాగే మాయమవుతుంది. అప్పు మాత్రం ఎక్కడికీ పోదు. లెక్కల పుస్తకం తీయాల్సింది నెలాఖరున, చప్పుడు వినపడుతున్నప్పుడే. కారునూ చల్లగా ఉన్నప్పుడే పరీక్షించండి.

చెవిని మాత్రం పూర్తిగా నమ్మొద్దు. ఇంజిన్ లోపలి ట్యాపెట్లూ ఇలాగే కొట్టుకుంటాయి. మానిఫోల్డ్ అతుకు దగ్గర నల్లటి మసి ఎక్కడుందో టార్చి వేసి వెతకండి. ఆధారం దొరక్కముందే ఫలానావాడిదే తప్పని తేల్చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాన్ని వదిలించుకోవడానికి ఇది మంచి కసరత్తు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్లో గాలి పీల్చే గొట్టాలూ పొగ వదిలే గొట్టాలూ ఒకే పక్కన, ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి. అది పాడైతే ఒకచోట పొగ కారుతుంది, ఇంకోచోట దొంగగాలి దూరి బండి నిలకడగా ఆడదు. రెండు జబ్బులనుకుని రెండు మందులు వేయకండి.

అసలు పరీక్ష నట్లు విప్పేటప్పుడు. ఉప్పుగాలికి అవి తుప్పుతో బిగిసిపోయి ఉంటాయి. స్పానర్‌కి పైపు తగిలించి ఒక్క ఊపున లాగేవాణ్ని మొనగాడంటారు. విరిగిన స్టడ్డును డ్రిల్లు పెట్టి తవ్వేటప్పుడు ఆ మొనగాడు టీ తాగడానికి వెళ్ళిపోతాడు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాస్త విప్పండి, కాస్త వెనక్కి బిగించండి, మళ్ళీ విప్పండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, విరగ్గొట్టుకుంటే విడిభాగాలు అడగ్గానే దొరకవు.

కొత్త ప్యాకింగ్ వేసే తొందరలో మానిఫోల్డ్ ముఖం చూడటం మరిచిపోతారు. స్టీలు స్కేలు ఆనించండి. కింద వెలుతురు కనిపిస్తే అది వంగింది, లేత్ షాపులో చదును చేయించాల్సిందే.

మధ్య నట్టుతో మొదలుపెట్టి అంచుల వైపు, విడతలు విడతలుగా బిగించండి. ఇంజిన్‌ను ఆరుబయటే ఆడించండి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేకుండా ప్రాణం తీస్తుంది. బండి చల్లారాక ప్రతి నట్టునూ మళ్ళీ చూడండి. అప్పటికే చేతులు కడుక్కుని ఉంటారు కాబట్టి చాలామంది ఈ పని ఎగ్గొడతారు. ఒకటో రెండో ఇంకాస్త తిరగవచ్చు.