రిటైరయ్యాక కూడా దుమ్ము జబ్బు వస్తుందా?

ప్రశ్న: మా నాన్న 30 ఏళ్లు బొగ్గుబాయిలో చేసి దిగిపోయారు. ఆఖరి పరీక్షలో ఫిట్ అన్నారు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, పొద్దున దగ్గు. రోజూ బెల్లం తింటే దుమ్ము పోతుందంటారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, కొత్తగూడెం

జవాబు: బెల్లం కడుపులోకి పోతుందమ్మా, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో. కార్మికవాడల్లో ఈ నమ్మకం పాతదే. షుగరుంటే మాత్రం బెల్లం మానిపించండి.

పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగి నల్లటి కళ్లెగా బయటపడతాయి. 5 మైక్రాన్లలోపు సన్న దుమ్ము గాలితిత్తుల దాకా దిగుతుంది. అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగుతాయి. క్రిమినైతే అరిగించుకునేవే, బొగ్గును అరిగించుకోలేవు. మింగిన కణం దెబ్బతిని వాపు పుట్టిస్తుంది, అక్కడే మచ్చ కడుతుంది. అదే న్యుమోకోనియోసిస్. పని మానేశాక కూడా ముదరొచ్చు. కాబట్టి అప్పటి 'ఫిట్' ఇప్పటికి హామీ కాదు.

1955 గనుల నిబంధనలు ఉద్యోగంలో ఉన్నవారికే క్రమం తప్పని పరీక్షలు పెట్టాయి. దిగిపోయాక మనమే అడిగి చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, ఊదించి చూసే స్పైరోమెట్రీ రెండూ కావాలి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ కోసం కళ్లె పరీక్ష తప్పనిసరి. బొగ్గుతో పాటు రాతిదుమ్ము కూడా పీల్చినవారికి ఆ ముప్పు ఎక్కువ. గుండె కూడా చూపించండి, ఆయాసమంతా దుమ్ము వల్లే కాదు.

పడ్డ మచ్చను చెరిపే మందు లేదు. బీడీ ఉంటే ఈరోజే మానాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ పట్టుకెళ్లండి.