లౌకికము, పారమార్థికము: నడుమనున్న గీత

మతము వేఱు, లోకవ్యవహారము వేఱు అను మాట నేడు మనకు స్వతస్సిద్ధ సత్యమువలె తోచుచున్నది. కాని యీ విభజనకు నొక జన్మస్థలమును, ఒక చరిత్రయును గలవు. లౌకికీకరణమును గూర్చి పాశ్చాత్య తత్త్వవేత్తలు సలిపిన చర్చ ఆ చరిత్రకు సంబంధించినదే. దానిని ముందుగా గ్రహించి, పిదప బస్తరు అరణ్యభూమికి అది యెంతవఱకు వర్తించునో విచారింతము.

లాటిను భాషలో ‘సేక్యులుమ్’ అనగా యుగము, కాలము. సృష్టికిని తుది తీర్పునకును నడుమ సాగు నశ్వరమైన లోకకాలమును క్రైస్తవులు ఆ పదముచే వ్యవహరించిరి. మఠమును వీడి జనుల నడుమ అర్చకత్వము నెఱపవచ్చిన సన్న్యాసి లౌకికుడైనాడనిరి. 1803లో జర్మను రాజ్యములు చర్చి యాస్తులను స్వాధీనము చేసికొన్నప్పుడును ఈ పదమునే వాడిరి. కావున లౌకికమను భావన చర్చి ప్రాకారములోపలనే పుట్టినది. లోపల యనునది యున్నప్పుడే గదా వెలుపల యనునది యుండుట!

మాక్స్ వేబర్ 1917లో మ్యూనిక్ నగరమున నొసగిన ఉపన్యాసమున ఆధునికత లక్షణమును నిరూపించెను. ప్రకృతినుండి దేవతలు తొలగి, సమస్తమును లెక్కచే వశపఱచుకొనవచ్చునను నమ్మకము నెలకొనుటయే అది. ఈ తొలగింపు హీబ్రూ ప్రవక్తలతో ఆరంభమైనదని ఆయన మతము. సృష్టికర్త సృష్టికి వెలుపలివాడైనచో చెట్టు చెట్టుగను, కొండ కొండగను మాత్రమే మిగులును. కార్ల్ లోవిత్ 1949లో మఱియొక వాదము చేసెను: ఆధునికులు కొనియాడు చారిత్రక ప్రగతి, క్రైస్తవుల మోక్షాశయే వేషము మార్చుకొని వచ్చినది. హాన్స్ బ్లూమెన్‌బర్గ్ 1966లో దీనిని ఖండించెను. పాతవారు ఖాళీచేసిన యింట క్రొత్తవారు చేరినంతమాత్రమున క్రొత్తవారు పాతవారి సంతతి కారు. ఆధునికత మానవుని స్వప్రయత్నమని ఆయన సిద్ధాంతము. ఈ యిరువురి వివాదము వారసత్వమును గూర్చినది. ఇహమునకు పరమునకు నడుమ గీత యున్నదనుట ఇరువురికిని సమ్మతమే.

ఆ గీతయే లేనిచోట నేమగును? ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, 1998కి పూర్వము బస్తరు జిల్లాలోను, 2007నుండి బీజాపురము జిల్లాలోను జేరియున్న ఆవపల్లి ప్రాంతము గోండు జాతులకు నివాసము. తమ యూరి నేలను భూమాతయే యొసగినదని బస్తరు గ్రామీణుల విశ్వాసము. విత్తనాల పండుగ జరుపక విత్తు చల్లరు. పొరుగూరి యడవినుండి కట్టె తెచ్చుకొన్నచో చెల్లించు స్వల్ప రుసుమునకు ‘దేవసారి’ యని పేరు. ఇది పన్నా, పూజయా? ఆ ప్రశ్నయే అక్కడ పుట్టదు.

1905లో ఆంగ్ల ప్రభుత్వము ఈ యడవిలో మూడింట రెండువంతులను రక్షితారణ్యము చేయ సంకల్పించెను. 1910లో ప్రజలు తిరుగబడిరి. మామిడి కొమ్మలు, మట్టిముద్ద, మిరపకాయలు, బాణములు ఊరూర త్రిప్పబడెను. తిరుగుబాటు అణచబడినను, రక్షితారణ్య విస్తీర్ణము మునుపు తలపెట్టినదానిలో సుమారు సగమునకు తగ్గెను. వేబర్ వర్ణించిన ఫలము ఇచ్చటికిని వచ్చినది. ఆయన చూపిన మార్గమున మాత్రము రాలేదు. ఏ ప్రవక్తయు అడవినుండి దేవతలను వెడలగొట్టలేదు. కలప లెక్కల పుస్తకము ఆ పని చేసినది.

నేడు ఆ గీత శ్మశానమునకును వచ్చినది. 2025 జనవరిలో బస్తరు జిల్లాలో నొక క్రైస్తవ బోధకుడు మరణింపగా, ఊరిలో ఖననమునకు గ్రామస్థులు అంగీకరింపలేదు. జనవరి 27న సుప్రీంకోర్టు న్యాయమూర్తు లిరువురు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. స్వంత భూమిలో ఖననము చేయవచ్చునని యొకరు, క్రైస్తవులకు నిర్దేశించిన చోటనే చేయవలెనని యొకరు తలచిరి. తుదకు ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న క్రైస్తవ శ్మశానమున ఖననము చేయ నాదేశించిరి. విశ్వాసము మాఱినను ఊరు మాఱలేదని మృతుని కుటుంబమువారి భావము. ఊరు, నేల, దైవము ఒక్కటియే యని తలచువారికి ఈ మాట సులభగ్రాహ్యము కాదు. అయినను మృతదేహము మూడు వారములు శవాగారమున వేచియుండుట ఏ ధర్మమునకును శోభ గాదు.

మన రాజ్యాంగ పీఠికలో 1976లో చేర్చబడిన పదమునకు హిందీ పాఠము ‘ధర్మనిరపేక్ష’ యనలేదు, ‘పంథనిరపేక్ష’ యనెను. మార్గములపట్ల రాజ్యము పక్షపాతము వహింపరాదు, ధర్మమును ఉపేక్షింపనురాదు. అరువు దెచ్చుకొన్న గీతను ఊరి నడుమ గీచి ఇటువారినో అటువారినో వెడలగొట్టుట ఈ పదమునకు అర్థము గాజాలదు. భూమాతకు మ్రొక్కువానికి తన యడవియు, సిలువకు మ్రొక్కువానికి తన యూర ఆరడుగుల నేలయు దక్కునా యనునదే మన లౌకికతకు నిజమైన పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గుటకు న్యాయస్థానపు తీర్పుతోపాటు ఇరుగుపొరుగుల హృదయవైశాల్యమును కావలెను.