పొరుగు పెరటికి ఫోన్ ఎత్తే ముందు

అండమాన్‌లోని మా మిన్నీ బేలో ఇల్లు ఎంత చిన్నదైనా వాకిట్లో పది మొక్కలుంటాయి. గుమ్మం పక్కన మందారం, గోడ మీద కాగితంపూలు, రేకుల చూరుకి వేలాడే కొబ్బరిడొక్కల్లో ఆర్కిడ్లు, వెనకాల కరివేపాకు, మునగ, తమలపాకు తీగ. కొండవాలు ఊరు కాబట్టి కింది ఇంటి పెరడంతా పై వీధిలో నడిచేవాళ్ళ కంటపడుతుంది. ఫోన్లు రాకముందు జనం చూసి, ‘బాగుంది’ అనుకుని వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఆగి, ఫోనెత్తి, తీసుకుని, పలకరించకుండా పోతున్నారు. పర్యాటకులే కాదు, జంగ్లీఘాట్ నుంచి ఇటు నడిచొచ్చే మన తెలుగు పిల్లలూ అంతే. ఉద్యోగం చేసే రోజుల నుంచీ ఈ చుట్టుపక్కల తోటల ఫొటోలు తీస్తున్నవాణ్ణి. వాళ్ళకోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

1. ముందు మనిషిని పలకరించాలి, తర్వాతే ఫోన్ బయటికి తియ్యాలి. చేతిలో ఫోన్ పట్టుకుని అడిగితే అది అడగడం కాదు, చెప్పి తీసుకోవడం. గేటు దగ్గరే నిలబడి, ‘అమ్మా, మీ మందారం భలే పూసిందండీ, ఒక ఫొటో తీసుకోమంటారా?’ అంటే చాలు. పక్కింటివాళ్ళు బెంగాలీలో, తమిళులో, రాంచీ నుంచి వచ్చినవాళ్ళో అయితే హిందీలో ‘ఆంటీజీ, ఫూలోఁ కా ఏక్ ఫోటో లే లూఁ?’ అంటే ఈ ద్వీపాల్లో ఎవరికైనా అర్థమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి 13 మంది పైనే. అయినా గేటు తీసేది ఏ భాషవాళ్ళో ముందే అనుకోకూడదు.

ఎవర్ని అడగాలన్నది ఇంకో సంగతి. వరండాలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన ‘తీసుకో బాబూ’ అనేస్తాడు. పొద్దున్నే బకెట్లు మోసి నీళ్ళు పోసేది లోపలున్న ఆవిడ. ఆవిడ బయటికొచ్చేదాకా ఆగండి. మనవాళ్ళు మొహం మీద ‘వద్దు’ అనరు. ‘ఇంట్లో మగవాళ్ళు లేరు, సాయంత్రం రా నాయనా’ అంటారు. ‘ఇప్పుడేం బాగుంది, వానలు పడ్డాక చూడాలిగానీ’ అంటారు. అవన్నీ వద్దనే. రెండోసారి అడగకుండా దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి.

2. రోడ్డు మీద నిలబడి తీస్తే ఎవరేమంటారు అని కుర్రాళ్ళు వాదిస్తారు. దారిన పోయేవాడికి కనిపించే పువ్వుని ఫొటో తియ్యడం నేరమని నేనూ అనను. కానీ వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. మన పెరళ్ళలో మొక్కలొక్కటే ఉండవు. కాగితంపూల వెనక దండెం మీద ఆడవాళ్ళ బట్టలుంటాయి. కాకర పందిరి పక్కన తడకల స్నానాలగది ఉంటుంది. తెరిచిన కిటికీలోంచి మంచం మీద పడుకున్న ముసలామె కనిపిస్తుంది. పువ్వు మీద చూపున్నవాడికి ఇవేవీ ఆనవు. ఫొటో చూసేవాళ్ళకి అవే ముందు కనిపిస్తాయి. అందుకే నొక్కే ముందు నాలుగు మూలలూ చూడాలి. దండెం అడ్డొస్తే బట్టలు తీయమని అడగొద్దు, మీరే వంగి పువ్వు దగ్గరికి వెళ్ళండి. దగ్గరగా తీసిన మందారం ఎవరి గుట్టూ బయటపెట్టదు.

3. దిష్టిని తేలిగ్గా తీసుకోవద్దు. లేత గుమ్మడి పిందెకి వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని శ్రీకాకుళం నుంచి వచ్చిన మా పెద్దవాళ్ళందరూ నమ్మారు. సొరపందిరి కింద సున్నం బొట్లు పెట్టిన కుండ బోర్లించిందీ, ఇంటి ముందు బూడిదగుమ్మడికాయ కట్టిందీ అందుకే. మీకు నమ్మకం లేకపోతే లేకపోనీండి, పందిరి మీది కాదు. పిందె దశలో ఉన్న తీగని తియ్యనివ్వరు. కాయ ముదిరాక ‘ఇప్పుడు తీసుకో’ అని వాళ్ళే పిలుస్తారు. నన్ను అలాగే పిలిచారు, చాలా ఇళ్ళవాళ్ళు.

4. లోపలికి రమ్మంటే చెప్పులు ఎక్కడ విడవాలో వాళ్ళని చూసి తెలుసుకోవాలి. తులసికోట చుట్టూ ముగ్గు తొక్కకూడదు. కోటకి వీపు పెట్టి సెల్ఫీ తియ్యకూడదు. కుండీలు జరపకూడదు, ఎండుటాకు గిల్లకూడదు, పువ్వు తుంచి జడలో పెట్టుకుని పోజు అసలే ఇవ్వకూడదు. ఆ పువ్వు రేపటి పూజకి లెక్కపెట్టి ఉంచుకున్నది కావచ్చు.

ఇక నీళ్ళ సంగతి. ఇది గట్టిగా చెప్పాలి. ఆకుల మీద చినుకుల్లా కనబడాలని నీళ్ళు చల్లించి ఫొటో తీసే అలవాటు ఒకటి మొదలైంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరే మాది. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడుపుతాయి. కానీ కొండనేల నీటిని నిలవనివ్వదు. ఊరి కుళాయిలకి పెద్ద ఆధారం ధనికారి డ్యామే. ఎండాకాలం దాంట్లో మట్టం పడిపోతే రోజు విడిచి రోజు కూడా నీళ్ళు రావు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మా ఆడవాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళు, అంట్లు తొలిచిన నీళ్ళు పట్టి ఉంచి చెంబుతో మొక్కల మొదట్లో పోస్తారు. ఏ కుండీకి పోసి ఏ కుండీని వదిలెయ్యాలో వాళ్ళకి ఒక లెక్క ఉంటుంది. అలాంటి ఇంట్లో నిలబడి ‘కాస్త నీళ్ళు చల్లండి ఆంటీ’ అన్నవాణ్ణి ఒకసారి చూశాను. ఆవిడ మొహమాటపడి చల్లింది. నాకు ఆ రోజంతా కోపం తగ్గలేదు.

వాడిన తోటని తియ్యాలనుకుంటే మరీ జాగ్రత్తగా ఉండాలి. ఏప్రిల్‌లో వాడిపోయిన కనకాంబరాల్ని లోకానికి చూపించడం, ఒంట్లో బాగాలేని మనిషిని పదిమందిలో నిలబెట్టడం లాంటిది. నత్తల సంగతీ అంతే. ఈ ద్వీపాల్లో ఆఫ్రికా పెద్దనత్త తోటలకి పెద్ద శత్రువు. వాన రాత్రుల్లో టార్చి వేసుకుని ఏరి పారేసినా తెల్లారేసరికి ఆకులు జల్లెడై ఉంటాయి. ఆ చిల్లులు చూసి ఆవిడ ‘ఆ ఆకు రానియ్యకు బాబూ’ అంటే రానియ్యకండి.

5. ఏ మొక్కని తియ్యాలో వాళ్ళని అడగండి. మీ కన్ను ఆర్కిడ్ల మీదుంటుంది. వాళ్ళు మిమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళి ఒక మల్లెపొదని చూపిస్తారు. చూడ్డానికి ఏమీ ఉండదు, మోకాలెత్తు పొద. తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, విశాఖపట్నం ఓడలో రోజులకి రోజులు ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన అంటు అది. సోంపేట దగ్గర పుట్టింటి వాకిట్లోది. ఒక్కో కొమ్మ ఎవరికిచ్చిందీ చెబుతుంది ఆవిడ. ఆ కథ వినకుండా తీసిన ఫొటోలో పొద ఉంటుంది, అంతే. విన్నాక ఏ వైపు నుంచి తియ్యాలో మీకే తెలుస్తుంది: ఆవిడ చెయ్యి కూడా పడేలా, ఆవిడ ఒప్పుకుంటే.

6. మళ్ళ అంచుల్లో పేర్చిన రాళ్ళు చూసి తియ్యండి. ఎప్పుడో ఒడ్డున ఏరుకొచ్చిన పగడపు ముక్కలు, పెద్ద గవ్వలు పాత ఇళ్ళ తోటల్లో ఉండొచ్చు. 2001 నుంచి పగడాలు, కొన్ని జాతుల శంఖాలు, గవ్వలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి. ఇప్పుడైతే ఒడ్డు నుంచి ఏమీ తీసుకురాకూడదు, ఆ మాట పిల్లలకి గట్టిగా చెప్పాలి. కానీ తాతల నాటి రాయి మీ ఫొటో మూలంగా ఆ ఇంటావిడ మెడకి చుట్టుకోకూడదు. అది చట్రంలోంచి తప్పించి, విషయం ఆవిడకి మెల్లిగా చెవిన వెయ్యండి.

7. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ 2001లో ఏర్పడింది ఈ ఊళ్ళోనే. నౌకాదళం గోడ, జెట్టీ, ఓడ మీ పూల వెనక పడుతున్నాయేమో చూసుకోండి. ఫొటో తియ్యరాదన్న బోర్డు ఉన్నచోట పువ్వుకీ మినహాయింపు లేదు.

8. తోటలో పనిచేసే మనిషి తోటలో భాగం కాదు. ఇంటివాళ్ళు సరేనన్నారని కలుపు తీస్తున్న మనిషిని కూడా తీసేస్తారు చాలామంది. అతన్ని వేరేగా అడగాలి, పేరు తెలుసుకోవాలి.

ఈ నేల మీద ఇది చిన్న విషయం కాదు. 1890ల్లో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి ఇక్కడి ఆదివాసుల్ని గళ్ళ తెర ముందు నిలబెట్టి, కొలతలు తెలిసేలా ఫొటోలు తీశాడు. అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. తీయించుకున్నవాళ్ళకి ‘వద్దు’ అనే వీలుందా అని ఆ బొమ్మలు చూసినప్పుడల్లా అనిపిస్తుంది నాకు. 2012 జనవరిలో జారవా ఆదివాసీ ఆడవాళ్ళ చేత డాన్సు చేయించిన వీడియో బయటపడి దేశమంతా సిగ్గుపడింది. ఆ ఏడే 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనలని ఇంకా కఠినం చేశారు. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జారవాలని ఫొటో తీస్తే ఇప్పుడు నేరం. అక్కడ చట్టం ఉంది కాబట్టి ఫోన్ లోపల పెడతాం. మిన్నీ బే పెరట్లో గడ్డపార పట్టుకున్న మనిషికి ఆ పాటి మర్యాద చట్టం లేకుండానే దక్కాలి.

9. పదిమందికీ పంపే ముందు మళ్ళీ అడగాలి. తియ్యడానికి ఒప్పుకున్నారంటే ఊరంతా చూపించడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఫోన్లో లొకేషన్ ఆపెయ్యండి. ఫలానా మలుపు దగ్గర అరుదైన ఆర్కిడ్లున్నాయని తెలిస్తే కుండీలు రాత్రికి రాత్రి మాయమయ్యే ప్రమాదం ఉంది. పేరు వెయ్యమన్నవాళ్ళ పేరు వెయ్యండి, వద్దన్నవాళ్ళది వద్దు.

10. కాగితం మీద ఒక కాపీ ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే సరిపోదు, ఫోన్ మారితే పోతుంది. అబర్డీన్ బజార్లో ప్రింటు తీయించి స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాలి. 2004 డిసెంబరు 26న సునామీని పుట్టించిన భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల దాదాపు ఒక మీటరు దిగిపోయింది. సిప్పీఘాట్ వైపు వరిమళ్ళు, కొబ్బరితోటలు సముద్రపు నీటిలోనే ఉండిపోయాయి. అటు పెరడు పోగొట్టుకున్న ఒక కుటుంబం తర్వాత నా దగ్గరికొచ్చి పాత నెగిటివ్‌లు వెతికించుకుంది. మామిడిచెట్టు పడ్డ ఫొటో ఒకటి దొరికింది. చెట్టు ఎంత ఎత్తుండేదో, ఊయల ఏ కొమ్మకి కట్టారో పిల్లలకి చూపించడానికి వాళ్ళకి అదొక్కటే మిగిలింది.

కాబట్టి ప్రింటు వెనక బాల్‌పెన్నుతో తేదీ, మొక్క పేరు, నాటినవాళ్ళ పేరు రాయండి. అంటు ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిస్తే అదీ రాయండి. తేమకి పాడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నీళ్ళు పోసే ఆవిడ చేతికే ఇవ్వండి.