పది సీసీల సందు

బోరబండ సైట్-3లో మా ఇంటి కింది గదిలో, గోడ మేకుకు ఒక గాజు బ్యూరెట్ వేలాడుతుంటుంది. చూసినవాళ్లు నన్ను కెమిస్ట్రీ సారు అనుకుంటారు. సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నలభై ఏళ్లు బోరింగు, హెడ్ ఫేసింగు, క్రాంకు గ్రైండింగు చేసిన చేతులు నావి. 1980లలో కొన్నేళ్లు సంక్రాంతి పోయిందంటే షెడ్డులో పగలు లారీల పని, రాత్రి రేసు ఫియట్ పని. ఓనరూ డ్రైవరూ ఒకాయనే. ట్రైలరు గీలరు ఏమీ లేదు. రేసు టైర్లు డిక్కీలో, జాకీ నా కాళ్ల కింద, ఆ కారునే నడుపుకుంటూ నెల్లూరు మీదుగా షోలవరం పోయేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ అది, మద్రాసుకు ఉత్తరాన, మన రోడ్డు మీదే. విమానాల కోసం పోసిన కాంక్రీటు మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు పెట్టేవారు.

మా మనవడిది హైటెక్ సిటీలో కొలువు. ఎంఎంటీఎస్‌లో బోరబండ తర్వాతి స్టేషనే. "తాతా, నీ దొంగ తెలివంతా ఒక కాగితం మీద పెట్టు" అన్నాడు. దొంగ తెలివి కాదురా, సందు తెలివి అన్నాను. ఆ రెంటికీ నడుమ గీత ఎక్కడుందో నాకే ఇంకా పూర్తిగా తేలలేదు. అందుకే రాస్తున్నా.

1. రూలు కాగితం చదివే ముందు, కొలిచేవాడి సంచి చూడు.

కార్లను తనిఖీ చేసే స్క్రూటినీ బల్ల మీద వెర్నియర్ ఉందా, తూకం ఉందా, బ్యూరెట్ ఉందా? కంప్రెషన్ ఇంతకు మించరాదని రాసి, హెడ్‌లోని ఖాళీని కిరోసిన్ పోసి కొలిచే బ్యూరెట్ తేకుండా వచ్చారంటే ఆ వాక్యం దేవుడి మీద ప్రమాణం లాంటిదే. కొలిచే సామాను లేని రూలును నమ్మి కూర్చున్నవాడు వెనక వరసలో నిలబడేవాడు. ఇది మంచిదని చెప్పడం లేదు, చూసింది చెబుతున్నా.

2. పేరులో 1100 ఉన్నంత మాత్రాన లోపల 1100 ఉండదు.

ఫియట్ 1100 అన్నా, తర్వాత వచ్చిన పద్మిని అన్నా, లోపలిది 1089 సీసీ. బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. క్లాసు 1100 వరకు అన్నారనుకో, నీ చేతిలో పది సీసీల చిల్లర మిగులుతుంది. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.2, 0.4 అని వస్తాయి. 0.2 వేస్తే 1096. 0.4 వేస్తే 1102, క్లాసు దాటిపోయింది. సరిగ్గా 0.3 వేస్తే 1099! ఆ 0.3 పిస్టను మాత్రం సుల్తాన్ బజార్ అంతా తిరిగినా దొరకదు.

సరే, 0.4 పిస్టన్‌నే 0.3కు దింపుదామనుకున్నాం. పిస్టను చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది గానీ నిజానికి కాస్త కోలగా, కిందికి వచ్చేకొద్దీ కాస్త లావుగా ఉంటుంది. వేడెక్కాక గుండ్రమవ్వాలని అలా చేస్తారు. దాన్ని మామూలుగా లేతుకు కట్టి దింపితే ఆ ఆకారం పోయి ఇంజను జామవుతుంది. చేత్తో రుద్ది, కొలిచి, మళ్లీ రుద్ది, రింగుల మూతులు అరగదీసి, నాలుగు పిస్టన్లకు మూడు రాత్రులు పట్టింది. వచ్చిన లాభం మూడు సీసీలు, అంటే వెయ్యిలో మూడు వంతులు. ఓనరు కూర్చునే ముందు కడుపు నిండా ఉప్మా తినకపోతే అంతకన్నా ఎక్కువే కలిసొచ్చేది. ఆ మాట ఆయనతో అనలేదు.

3. ఇంజను చల్లారే దాకా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు.

పోత ఇనుము వేడికి సాగుతుంది. రేసు దిగాక, చల్లగా ఉన్నప్పటికన్నా అరవై డిగ్రీలు ఎక్కువ వేడిలో 68.3 బోరు, మిల్లీలో నూరింట నాలుగు వంతుల పైచిలుకు పెరుగుతుంది. అప్పుడు లెక్క కట్టారంటే మన 1099 కాస్తా 1100 దాటుతుంది. దొంగతనం చేయకుండానే దొంగవవుతావు. అందుకే రేసు అవగానే నేను చేసే మొదటి పని చాయ్ తేవడం. నాకు కాదు, కొలిచే ఆయనకు. ఆయన తాగే లోపల ఇంజను చల్లబడేది.

4. 'తాకరాదు' అన్న చోట చూడు, ఏది తాకరాదో.

నా జీవితంలో నేను గర్వపడాలో తలదించుకోవాలో తెలియని పని ఇది. ఒక ఏడు కాగితంలో, హెడ్ మందం కంపెనీ ఇచ్చినంతే ఉండాలి అని ఉంది. కారణం తెలిసిందే. ఫియట్‌లో ఒక్కో సిలిండరు 272 సీసీ. కంప్రెషన్ 8 కావాలంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 39 సీసీలు, 9 కావాలంటే 34. మధ్యలో తేడా అయిదు సీసీలు, ఒక టీస్పూను. ఆ టీస్పూను కోసం అందరూ హెడ్‌ను దింపుతున్నారు కనుక హెడ్‌కు కాపలా పెట్టారు.

హెడ్ అన్నారు. బ్లాకు అనలేదు.

నేను బ్లాకు పైముఖాన్ని 0.6 మిల్లీ దింపాను. సిలిండరుకు రెండు సీసీల పైన తగ్గింది, కంప్రెషన్ 8 నుంచి 8.4కు పోయింది. చెప్పినంత తేలికేమీ కాదు. బ్లాకు దిగితే పిస్టను పైకొస్తుంది, వాల్వును గుద్దుకునే భయం. పిల్లలు ఆడుకునే మట్టిముద్ద పిస్టన్ మీద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు తిప్పులు తిప్పి, విప్పి, నలిగిన మట్టిని కోసి మందం కొలిచాను. పుష్‌రాడ్లు ఆ మేరకు పొడవైపోయాయి కదా, రాకర్ దిమ్మెల కింద షిమ్ములు వేశాను. అప్పుడు గానీ టాపెట్లు మాట వినలేదు.

స్క్రూటినీ ఆయన వెర్నియర్‌తో హెడ్ నాలుగు మూలలా కొలిచి, బాగుంది అన్నాడు. ఆ ఒక్క క్షణం నా ముఖం కారు నీడలో పెట్టుకున్నాను. అబద్ధం ఆడలేదు, ఆయన అడగలేదు. మరుసటేడు కాగితంలో బ్లాకు కూడా చేరింది. ఎవరో మనకన్నా ముందే చేసి ఉంటారు. ఏ సందూ ఒక్కడికే కనబడదు.

5. అందరి ఎదుట చేసింది ఒక రకం, స్ప్రింగు పెట్టి దాచింది ఇంకో రకం.

దేశం కాని దేశంలో పెద్ద పెద్ద కంపెనీలూ ఇవే వేషాలు వేశాయి. 1994లో బ్రిటిష్ టూరింగ్ కార్ల రేసులకు ఆల్ఫా రోమియో 155 తెచ్చింది. రేసులో ఉన్న రెక్క, రోడ్డు మీద అమ్మిన కారులోనూ ఉండాలని రూలు, అలాంటి కార్లు 2,500 చేసి ఉండాలి. ఆల్ఫా వాళ్లు ఆ కార్లు చేశారు. రెక్కను కిందికే బిగించి, పైకెత్తే ముక్కలను డిక్కీలో పెట్టి ఇచ్చారు. కొన్నవాడు ఎత్తుకుంటే ఎత్తుకోవచ్చు. రేసులో మాత్రం ఎత్తే వచ్చారు. మొదటి అయిదు రేసులూ వాళ్లవే. మిగతావాళ్లు గొడవ పెట్టారు, ఔల్టన్ పార్క్‌లో ఆల్ఫా జట్టు సామాను సర్దుకుని వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది. ఆ ఏటి టైటిలూ గాబ్రియేలే టార్కినీదే. మరుసటేడు రెక్కలు అందరికీ ఇచ్చేశారు. ఇందులో నాకు దొంగతనం కనబడదు. నా బ్లాకుకు అన్నయ్య ఇది.

తర్వాతి ఏడు, 1995, కాటలూన్యా ర్యాలీ. టూరింగ్ కార్లు కావు, ర్యాలీ, అయినా చెప్పాలి. టర్బోకు గాలి 34 మిల్లీల రిస్ట్రిక్టరు గుండానే పోవాలి. టొయోటా సెలికాలో ఆ ముక్కకు స్ప్రింగులు పెట్టారు. గొట్టం బిగిస్తే ముక్క అయిదు మిల్లీలు పక్కకు జరిగి, సందులోంచి అదనపు గాలి పోతుంది. చూద్దామని గొట్టం విప్పగానే ఠక్కున వచ్చి మూసుకుంటుంది. కొలిచేవాడికి 34 మిల్లీలు 34గానే కనబడతాయి. ఎఫ్ఐఏ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లే ఆ పనితనాన్ని మెచ్చుకుంటూనే ఏడాది పాటు నిషేధం వేశాడు. లేతు ముందు బతికినవాడిగా నేనూ ఆ చేతికి దండం పెడతాను. ఆ మనిషిని మాత్రం నా షెడ్డులో పెట్టుకోను.

ఇక జర్మనీ టూరింగ్ కార్ల రేసుల్లో ఆడి వాళ్ల వీ8 ఉంది. రోడ్డు కారు క్రాంకే వాడాలంటే, దాన్నే వంచి వేరే కోణానికి తెచ్చారు. కంపెనీ క్రాంకే కదా అన్నారు. చెల్లదనేసరికి 1992 సీజన్ నడుమనే తప్పుకున్నారు. ఇది ఏ రకంలో వేయాలో నాకు రోజుకో తీరుగా అనిపిస్తుంది.

6. గీత దాటేసరికే రేసు అయిపోదు.

1987 ఆస్ట్రేలియా బాథర్స్ట్. రూడీ ఎగ్గెన్‌బెర్గర్ జట్టు ఫోర్డ్ సియెర్రాలు మొదటి రెండు స్థానాల్లో వచ్చాయి. చక్రాల మీది రేకు ఉండాల్సిన దానికన్నా వెడల్పని తర్వాత తేలి రెండింటినీ తీసేశారు. మూడో స్థానంలో వచ్చిన పీటర్ బ్రాక్ వాళ్ల హోల్డెన్‌కు గెలుపు వచ్చింది. ఇంజను మీద అంత పని చేసినవాళ్లు రేకు దగ్గర పోయారు.

7. ఫ్లైవీలు.

ఫ్లైవీలు తేలికైతే కారు మూలమలుపు నుంచి చురుగ్గా లేస్తుంది. నేను ఆశకు పోయి రింగ్ గేరు పక్కన మరీ పల్చగా కోశాను. ప్రాక్టీసులో గంట కొట్టినట్టు చప్పుడు. విప్పితే వేలెడు పగులు. ఇంకో రెండు రౌండ్లు తిరిగి ఉంటే అది విడిపోయి ఓనరు కాళ్ల మీదికొచ్చేది. ఆ పాపం ఏ రూలుదీ కాదు, ఏ స్క్రూటినీదీ కాదు. నాది. ఆ ముక్క ఇప్పటికీ మా మెట్ల కింద ఉంది, మా ఆవిడ దాని మీద తులసి కుండీ పెట్టింది.

8. అందరికీ ఒకే ఇంజను ఇచ్చి చూడు.

ఈ తలనొప్పులన్నిటికీ ఒక మందు కనిపెట్టినాయన ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం, అక్కడి తెలుగు నాయుళ్లు. 1988లో ఫార్ములా మారుతి పెట్టారు. మారుతి 800 ఇంజను, మూడు సిలిండర్లు, 796 సీసీ, చుట్టూ తేలికైన ఒంటి సీటు కారు. డబ్బున్నవాడి ఇంజను, లేనివాడి ఇంజను ఒకటే. ఆ బళ్లలోంచే నారాయణ్ కార్తికేయన్ బయటికొచ్చి 2005లో జోర్డాన్ జట్టులో ఎఫ్1 దాకా పోయాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. 2003లో కోయంబత్తూరు దగ్గర కట్టిన రెండు కిలోమీటర్ల పైచిలుకు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

మరి సందు పూడిందా? పూడలేదు, చిన్నదైంది. ఒకే ఇంజను అన్నా, కంపెనీ పోత పోసినప్పుడు ప్రతి హెడ్‌కూ పిసరంత తేడా వస్తుంది. పది హెడ్లు తెచ్చి బ్యూరెట్‌తో కొలిచి, ఖాళీ తక్కువున్న దాన్ని ఏరుకుంటే ఎవడేమంటాడు? అన్నీ కంపెనీవే. దాంట్లో దొంగతనమూ లేదు, కోతా లేదు, ఓపిక ఒక్కటే ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మోసం అది. మోసం అనవచ్చో లేదో మళ్లీ తెలియదు.

9. చప్పుడు లేని బండినీ చూసి రా.

2023 ఫిబ్రవరి 11న మనవడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసుకు తీసుకుపోయాడు. కొత్త సచివాలయం పక్కన 2.83 కిలోమీటర్ల ట్రాకు. ఈల వేసినట్టు పోతున్నాయి. జ్యాఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు. కిరోసిన్ వాసన లేదు, పెట్రోలు వాసన లేదు. "ఇందులో సందు ఎక్కడరా?" అన్నాను. "అంతా కోడులో ఉంటది తాతా" అన్నాడు. దానికి వెర్నియర్ ఎవరి దగ్గరుంది అన్నాను. నవ్వాడు గానీ చెప్పలేదు.

మొన్న మోతీనగర్ నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. సంచిలో పాత ఆర్ఎక్స్ 100 హెడ్.

"ఉస్తాద్, ఎంత దింపమంటావ్?"

"రేసుకా, రోడ్డుకా?"

"రోడ్డుకే."

"చప్పుడు పెరిగితే చౌరస్తాలో పట్టుకుంటారు బేటా."

"మిషను పెట్టి కొలవరు ఉస్తాద్, చెవితోనే కదా. ఆ సారుకు ఎడమ చెవి వినబడదు."

మేకు మీది బ్యూరెట్ దించి, కిరోసిన్ సీసా ఎక్కడుందో వెతికాను.