ఆర్ఎక్స్ కొన్న మేనల్లుడికి

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. ట్యాంకు మీద రంగు బాగుంది, మడ్‌గార్డుల క్రోమ్ తళతళలాడుతోంది, సీటు కొత్తది. ఇంజిన్ అడుగుభాగం మాత్రం ఒక్క వీడియోలోనూ కనబడలేదు. నాకు చూడాలని ఉన్నది అదే. నువ్వేమో ఏ సైలెన్సర్ వేయిస్తే శబ్దం బాగుంటుందని అడిగావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఇంజిన్ ఈ చలికాలం దాటాలి కదా.

నువ్వు కొన్న యమహా ఆర్ఎక్స్ 100 మామూలు పాత బండి కాదని నాకూ తెలుసు. ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి 1985లో తెచ్చారు, 1996లో ఆపేశారు. 98 సీసీ, పదకొండు హార్స్‌పవర్, బరువు వంద కిలోలకు కాస్త అటూ ఇటూ. నేను ఫరీదాబాద్‌లో పనిచేసిన రోజుల్లో కుర్రాళ్లకు ఇదంటే పిచ్చి. 2018లో అజయ్ భూపతి దీని పేరుతోనే సినిమా తీశాక మనవైపు కూడా ఆ పిచ్చి మళ్లీ మొదలైంది. పిచ్చి ముదిరినచోట బేరం తెలిసినవాడు రంగు వేసి అమ్ముతాడు. ముప్పై ఏళ్ల ఇంజిన్‌కి రంగుతో పనేముంది?

నేను చెప్పదలచుకున్నదంతా ఒక్క మాటలో ఉంది: డబ్బు ముందు సీళ్ల మీద పెట్టు, తర్వాత మెరుపు మీద పెట్టు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఫోర్‌స్ట్రోక్ బండిలో ఆయిల్ అడుగున సంపులో ఉండి, అన్ని భాగాలకూ పోయి మళ్లీ వెనక్కి వస్తుంది. నీ బండిలాంటి టూస్ట్రోక్‌లో వెనక్కి రావడమనేదే లేదు. పెట్రోలు, గాలి, ఆయిల్ కలిసి క్రాంక్‌కేసులోకి వెళ్లి, బేరింగులనూ పిస్టన్‌నూ తడిపి, పైకి పోయి కాలిపోతాయి. అంటే క్రాంక్‌కేసు కూడా ఊపిరి పీల్చే గదే. ఆ గదికి ఎక్కడైనా చిన్న సందు పడితే కార్బురేటర్ కొలిచి ఇచ్చిన మిశ్రమంలోకి కొలతలేని గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది, పలచబడితే మంట వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బి బోరుకు పట్టేస్తుంది. మెకానిక్కులు సీజ్ అయిందంటారు. నడిపేవాడికి మాత్రం అంతకు కాసేపటి ముందు బండి ఎన్నడూ లేనంత హుషారుగా పరిగెడుతున్నట్టు ఉంటుంది. మోసం అక్కడే.

ఆ సందు ఎక్కువగా క్రాంక్ రెండు చివర్లా ఉండే ఆయిల్ సీళ్ల దగ్గర పడుతుంది. రబ్బరు కదా, ఏళ్లు గడిస్తే గట్టిపడుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా అంతే. తిరగకుండా మూలన పడి ఉన్నదే ఇంకా తొందరగా పాడవుతుంది. కుడివైపు, క్లచ్ పక్క సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ లోపలికి లాక్కుని తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ పోతుంది. ఎడమవైపు, మాగ్నెట్ పక్క సీలు పోతే పొగ రాదు, గాలి దూరుతుంది. థ్రాటిల్ వదిలినా ఇంజిన్ వెంటనే దిగదు, కాసేపు పైనే ఊగుతుంది. పొగ వచ్చే బండిని చూసి జనం భయపడతారు కానీ, రెండో రకానికే నేను ఎక్కువ భయపడతాను.

పరీక్ష కష్టమేం కాదు. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మూసేసి, లోపలికి ఆరు పీఎస్‌ఐ గాలి పెట్టి ఆరు నిమిషాలు వదిలెయ్యాలి. గేజు ముల్లు నిలబడిందా, సరే. దిగిందా, జాయింట్ల మీద సబ్బునీళ్లు రాసి బుడగ ఎక్కడ వస్తుందో వెతకాలి. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఈ పరీక్ష చేసే మెకానిక్‌ను వెతుక్కో. “అదెందుకు సార్, చెవితో వింటే తెలిసిపోతుంది” అనేవాడికి దండం పెట్టి వచ్చెయ్. సీళ్లు మార్చాలంటే ఎడమది బయటి నుంచే మారుతుంది, కుడివైపు క్లచ్ విప్పాల్సి వస్తుంది. అది విప్పినప్పుడే క్రాంక్ బేరింగులు ఊగుతున్నాయా, కనెక్టింగ్ రాడ్‌కు పైకీ కిందికీ ఆట ఉందా చూడమను. ఆట ఉంటే కొత్త బోరు చేయించినా డబ్బు దండగే.

బోరు సంగతి. దీని అసలు కొలత 50 మి.మీ. ఒక్కోసారి పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోయారు గనక నీ బండి ఇప్పుడు ఏ కొలతలో ఉందో హెడ్ విప్పి పిస్టన్ మీద అంకె చదివితే తెలుస్తుంది. సున్నా నుంచి ఒక మిల్లీమీటరు దాకా వెళ్లిపోయి ఉంటే ఇక సిలిండరే మార్చుకోవాలి. కొత్త పిస్టన్ వేశాక మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంతో లాగకు, థ్రాటిల్ మారుస్తూ నడుపు.

ఆయిల్ విషయంలో నీ బండికి యమహా ఆటోలూబ్ అనే పంపు ఉండాలి. ఇంజిన్‌తో తిరుగుతూ, థ్రాటిల్ తీగకు కట్టుబడి, ఎంత లాగితే అంత ఆయిల్ ఇచ్చే ఏర్పాటు. చాలామంది నమ్మకం లేక దాన్ని పీకేసి ట్యాంకులోనే కలుపుకుంటారు. నీ బండికి పంపు ఉందా, ఉన్నది పనిచేస్తోందా అన్నది అడిగి తెలుసుకోవడం కాదు, విప్పి చూడు. పంపు ఉందని మామూలు పెట్రోలు పోసి, అది అసలు పనిచేయకపోతే ఇంజిన్ పది కిలోమీటర్లు కూడా రాదు. తేలేదాకా ట్యాంకులో లీటరుకు 25 మి.లీ. టూటీ ఆయిల్ కలిపి నడుపు. కొత్త బోరు అయితే 40 కలుపు. ముందు డబ్బాలో కలిపి తర్వాత ట్యాంకులో పొయ్యి. జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ అని సీసా మీద రాసి ఉన్న ఆయిల్ కొను. పంపు గొట్టంలో గాలి బుడగ కనబడితే స్క్రూ వదిలి గాలి పోయేదాకా తియ్యాలి.

ఎక్కువ పోస్తే మంచిదనుకోకు. ఒకప్పుడు ఢిల్లీ ఆటోవాళ్లు అలాగే అనుకుని విడి ఆయిల్ చేతికొచ్చినంత పోసేవారు, ఆ పొగ నీకు తెలియదు. 1998 చివర్లో విడి టూటీ ఆయిల్ అమ్మకం ఆపించి, బంకుల్లోనే కొలతగా కలిపిన పెట్రోలు పోయించడం మొదలుపెట్టారు. పంపు మాటెత్తాను గనక ఇదీ చెబుతాను, గురుగ్రామ్ ఫార్మ్‌హౌస్‌లో నీ స్నేహితుడు కొంటానంటున్న యమహా బాన్షీ క్వాడ్‌కు పంపే లేదు. ఎప్పుడూ కలుపుకోవాల్సిందే. 347 సీసీ, రెండు సిలిండర్లు, నీళ్లతో చల్లబడే ఇంజిన్. అయినా సీళ్ల లెక్క అదే. కొనేముందు వాడికి ఈ ఉత్తరం చూపించు.

ఇప్పుడు మీ ఢిల్లీ వైపు వాతావరణం. ఇక్కడ విజయవాడలో పెద్దగా పట్టించుకోని విషయం అక్కడ ప్రాణాంతకం. జూన్‌లో 45 డిగ్రీలు, జనవరి ఉదయం 5 డిగ్రీలు. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అదే గొట్టంలోంచి పదిహేను శాతం దాకా ఎక్కువ గాలి వెళుతుంది. ఎండాకాలంలో సరిగ్గా కుదిరిన జెట్ చలికాలంలో పలచనైపోతుంది. దానికి తోడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి అదీ మిశ్రమాన్ని పలచన చేసేదే. 1980ల్లో ఈ కార్బురేటర్ కొలతలు వేసినవాళ్ల లెక్కలో ఇది లేదు. అందుకని మెయిన్ జెట్ ఒక మెట్టు పెద్దది వేయించి, ఎండాకాలానికి కాక చలికాలానికి కుదుర్చు. వేసవిలో కాస్త బరువుగా లాగితే లాగనీ, ఇంజిన్ చావదు. ప్లగ్ తీసి రంగు చూడు. కాఫీ గింజ రంగుంటే సరే, తెల్లగా పొంగినట్టుంటే వెంటనే ఆపు. ప్లగ్ సందు 0.6 నుంచి 0.7 మి.మీ.

ఇథనాల్ నీళ్లను కూడా పీలుస్తుంది. రెండు వారాలు పక్కన పెడతానంటే ట్యాంకు కొళాయి కట్టి, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు కింద వదిలెయ్యి. పాత రబ్బరు గొట్టం, కొళాయి వాషర్లు మార్చు. గాలి ఫిల్టర్ స్పాంజి మే నెల దుమ్ము తుఫానుల తర్వాత ప్రతిసారీ విప్పి కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి బిగించు. దుమ్ము ఊరికే పోదు, బోరుకు గీతలు పెడుతుంది.

సైలెన్సర్ సంగతి అడిగావు కదా. టూస్ట్రోక్ సైలెన్సర్ శబ్దం తగ్గించడానికి మాత్రమే కాదు. దాని కడుపు లోపల తిరిగొచ్చే ఒత్తిడి అల వల్ల సిలిండర్ లోంచి బయటికి పోబోయే మిశ్రమం మళ్లీ లోపలికి నెట్టబడుతుంది. లోపలి బ్యాఫిల్ తీసేస్తే శబ్దం పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది, జెట్ కుదరదు. ఉన్నదాన్నే తోక వైపు బ్యాఫిల్ తీసి, పేరుకున్న మసి కాల్చి గీకించి, మళ్లీ బిగించు. పాత బండ్లు లాగకపోవడానికి సగం కారణం ఈ మసే. ఇంతకంటే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

బ్రేకులు ముందూ వెనకా డ్రమ్ములే. కొత్త షూలు వేయించు, వేగాన్ని నమ్మినంతగా వాటిని నమ్మకు. క్లచ్ మీద ఎప్పుడూ రెండు వేళ్లు ఉండాలి. శబ్దం మారిందంటే ఆలోచించకుండా నొక్కెయ్. నువ్వు కలలుగనే యమునా ఎక్స్‌ప్రెస్‌వే 165 కిలోమీటర్లు ఒకే థ్రాటిల్ మీద లాగించే రోడ్డు. ఇలాంటి ఇంజిన్ సీజ్ అవడానికి అంతకంటే అనువైన చోటు లేదు.

అయినా ఆ రోడ్డెక్కడానికి నీకు హక్కు ఉందా? ఇది నీకు నచ్చదు. 2014 నవంబరులో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన బండ్లు తిరగకూడదంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ అంతటా, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కకూడదని చెప్పింది. 2025 జులైలో బంకుల్లో అలాంటి బండ్లకు పెట్రోలు పోయకుండా ఆపబోయి వెనక్కి తగ్గారు, ఆగస్టులో కోర్టు కఠిన చర్యలు వద్దంది, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. నీ బండి బీఎస్ అనే మాట పుట్టకముందుది. గ్రేటర్ నోయిడా అయినా ఢిల్లీ అయినా తేడా లేదు. వింటేజ్ కిందా రాదు. దానికి 50 ఏళ్లు నిండాలి, మొదటి ఏడాది ఆర్ఎక్స్‌కే 2035 దాకా ఆగాలి.

అన్యాయమని గింజుకోకు. కాలకుండా పెట్రోలు బయటికి వదలడం టూస్ట్రోక్ పుట్టుకలోనే ఉంది. ఆ ఊరి గాలి పీల్చినవాణ్ని కనుక నేను కోర్టు పక్షమే. కానీ పాత బండి మీద ప్రేమ కూడా తప్పుకాదు, దానికి చోటు వేరే ఉంది.

కాబట్టి ఒక పని చెయ్యి. పరివాహన్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ బతికి ఉందో రద్దయిందో చూడు. పోలీసుల జిప్‌నెట్‌లో దొంగబండ్ల జాబితా చూడు. చాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోల్చు, కొట్టి మార్చిన ఆనవాళ్లు ఉన్నాయా వేలితో తడిమి చూడు. రిజిస్ట్రేషన్ బతికుంటే ఎన్‌ఓసీ తీసుకుని ఇక్కడికి పంపు. మన దగ్గర ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేస్తారు. 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కు ఆ ఫీజు 2025 ఆగస్టులో 2,000 రూపాయలు చేశారు, దానికి తోడు గ్రీన్ ట్యాక్స్. కట్టుకోవచ్చు. రద్దయి ఉంటే మాత్రం నువ్వు కొన్నది బండి కాదు, విడిభాగాలు. అమ్మినవాణ్ని వెంటనే పట్టుకో.

పంపేటప్పుడు నిజాముద్దీన్ స్టేషన్‌లో పార్శిల్ బుక్ చెయ్యి. ట్యాంకు, కార్బురేటర్ పూర్తిగా ఖాళీ చెయ్యాలి, ఆర్‌సీ జిరాక్సు, నీ గుర్తింపు కార్డు కావాలి. గోనెపట్టా చుట్టేవాళ్లు అక్కడే ఉంటారు, అద్దాలు మాత్రం నువ్వే ముందుగా విప్పి సంచిలో వేసుకో. ఇక్కడ ఆటోనగర్‌లో క్రాంక్ పని చేసే పాతవాళ్లు ఇంకా ఉన్నారు, పక్కన నిలబడి చేయిస్తాను. సంక్రాంతికి వచ్చి నడుపుకో.

ఈలోగా ప్లగ్ ఫొటో, చాసిస్ నంబరు ఫొటో పంపు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో స్టార్ట్ చేసి వీడియోలు తియ్యకు, ఆ పొగ మూసిన చోట మంచిది కాదు. ఎంత పెట్టి కొన్నావో అక్కయ్య నన్ను అడుగుతోంది. నాకు తెలియదన్నాను, నువ్వే చెప్పుకో.

మీ మావయ్య