సరుకు బండి ఎంపిక : పేరు, పని, మన్నిక

సరుకు బండిని గూర్చిన వ్యాసానికి కళాశాల సంచికలో చోటు ఏల అని కొందరు విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. సమాధానం మన తరగతి గదులలోనే ఉన్నది. తండ్రి సంపాదనయో, అన్న సంపాదనయో ఒక చిన్న వ్యాను చక్రాల మీద ఆధారపడిన విద్యార్థులు మనలో ఉన్నారు. చిక్కడపల్లి మార్కెటుకు తెల్లవారక ముందే కూరగాయలు తెచ్చేది ఆ బండ్లే. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకొనేవారి హాస్టళ్ళకు నీళ్ళ డబ్బాలు, మంచాలు, బియ్యం బస్తాలు చేర్చేవీ, నారాయణగూడలో పెళ్ళి పందిళ్ళ సామాను దింపేవీ అవే. అట్టి కుటుంబంలో బండి కొనడమంటే ఇల్లు కట్టడమంత పెద్ద నిర్ణయం. అప్పు తెచ్చి, నాలుగైదేండ్ల పాటు నెలనెలా కిస్తీ కట్టవలసిన వ్యవహారం.

ఇంతటి నిర్ణయం తరచుగా ఒక పేరు విని జరిగిపోతూ ఉంటుంది. “టాటా గట్టిది”, “మహీంద్రా మొండిది”, “జపాను బండి చెడదు” అన్న మాటలు అడ్డాల మీద నిత్యం వినబడతాయి. వీటిలో కొంత సత్యం లేకపోలేదు. కాని కంపెనీ పేరు మన్నికకు హామీ కాదు. బండికీ, దానికి అప్పగించిన పనికీ గల పొందికయే మన్నిక. ఈ సంగతిని ఉదాహరణలతో పరిశీలించుటయే ఈ పాఠం ఉద్దేశ్యం.

1. పేరు మిగిలింది, బండి పోయింది

తెలంగాణలో మధ్యతరహా సరుకు వాహనం ఏ కంపెనీదైనా సరే, జనం దానిని “డీసీఎం” అంటారు. దినపత్రికలలోనూ “డీసీఎం వ్యాను” అన్న మాట కనిపిస్తూనే ఉన్నది. ఒక సంస్థ పేరు జాతివాచకంగా మారిన తీరు భాషా విద్యార్థులకు ఆసక్తి కలిగించేదే. ఆ పేరు వెనుక ఉన్న చరిత్ర బండి కొనేవారికి అంతకంటె ఉపయోగకరం.

1980 దశకంలో తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీకి జపాను సంస్థల సహకారాన్ని కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. అప్పుడు డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, ఆల్విన్ నిస్సాన్ అనే నాలుగు వాహనాలు రంగంలోకి వచ్చాయి. వీటిలో చివరిది మన ప్రాంతపు బండి. రెఫ్రిజిరేటర్లకు, బస్సు బాడీలకు పేరుపొందిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ, నిస్సాన్ సహకారంతో నాటి మెదక్ జిల్లాలోని జహీరాబాదులో దానిని తయారు చేసింది.

ఈ బండ్లు నడకలో సుఖమైనవి. ఇంధనాన్ని పొదుపుగా వాడేవి. అయితే 1985 తరువాత జపాను నాణెమైన యెన్ విలువ బాగా పెరిగింది. జపాను నుంచి తెప్పించే భాగాల ధర కూడ దానితోబాటే పెరిగింది. 1986లో టాటావారు 407 అనే వాహనాన్ని విడుదల చేశారు. దాని భాగాలు స్వదేశంలో తయారైనవి. దాని మరమ్మతు సామాన్య మిస్త్రీకి అందుబాటులో ఉండేది. పర్యవసానం అందరికీ తెలిసినదే. ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా సంస్థ చేతికి వెళ్ళింది. డీసీఎం టొయోటా 1990 దశకంలో కొరియాకు చెందిన దేవూ చేతికి వెళ్ళి, తరువాత అంతరించింది. 407 నేటికీ తయారవుతూనే ఉన్నది.

ఓడిపోయినది చెడ్డ బండి కాదు. బాగుచేసుకొనుటకు ఖరీదైన బండి. ఇంజను ఎంత గొప్పదైనా, విడిభాగం దొరకని నాడు అది నిలిచిపోయిన ఇనుమే. ఇది మొదటి పాఠం.

2. బరువు లెక్క

రెండవ పాఠం గణితానికి సంబంధించినది. ప్రతి సరుకు బండి రిజిస్ట్రేషన్ పత్రంలోనూ రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి ఖాళీ బరువు. రెండవది సరుకుతో సహా ఉండదగిన మొత్తం బరువు. రెండవ దాని నుంచి మొదటిదానిని తీసివేస్తే బండి మోయగల బరువు తేలుతుంది. డ్రైవరు, ప్రక్కన కూర్చున్న హమాలీ బరువులు కూడ ఆ మిగిలిన దానిలోనే చేరుతాయన్న సంగతిని చాలామంది మరచిపోతారు.

ఒక ఉదాహరణ తీసుకొందాము. మోయగల బరువు 750 కిలోలు గల చిన్న బండితో అశోక్ నగర్ హాస్టళ్ళకు 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు సరఫరా చేస్తున్నామనుకొందాము. నిండు డబ్బా 21 కిలోలు. డ్రైవరు, హమాలీ కలిసి 130 కిలోలు. 750లో 130 తీసివేయగా 620 మిగులుతుంది. దానిని 21తో భాగిస్తే 29 డబ్బాలు వస్తాయి. కాని ట్రాలీలో స్థలం ఉన్నది గదా అని 50 డబ్బాలు వేస్తే డబ్బాల బరువే 1,050 కిలోలు. మనుషులతో కలిపి 1,180. అనగా మోయవలసిన దానికంటె 430 కిలోలు అదనం.

ఆ అదనపు భారం ఒక్కనాటిలో బండిని విరుగగొట్టదు. మొదట కమాన్ పట్టీలు వంపు కోల్పోతాయి. (ఉర్దూలో కమాన్ అనగా విల్లు. ఆ పట్టీల వంపును చూచి మన మిస్త్రీలు పెట్టుకొన్న పేరది.) పిమ్మట టైర్లు వేడెక్కి అరుగుతాయి; క్లచ్ ప్లేటు కాలుతుంది; వెనుక ఇరుసు బేరింగులు మోగుతాయి; బ్రేకు వేసిన చోట బండి ఆగదు. రెండేండ్లకు యజమాని “ఈ కంపెనీ బండి మన్నదు” అంటాడు. నిజానికి తప్పు కంపెనీది కాదు, లెక్కది.

స్థలం వేరు, బరువు వేరు అన్న వివేకం అవసరం. దూది పరుపులు, బేకరీ సరుకు బండిని నింపినా భారం కావు. పుస్తకాల కట్టలు, టైల్సు, నీళ్ళ డబ్బాలు సగం ట్రాలీలోనే హద్దు దాటుతాయి.

3. దారి, ఇంధనం

బండి ఏ దారిన తిరుగుతుందన్నది తరువాతి ప్రశ్న. ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. వైపు 2023లో ఉక్కు వంతెన ప్రారంభమైన తరువాత ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా పోయేవారికి కొంత సౌకర్యం కలిగింది. కాని సరుకు దింపవలసిన బండి వంతెన పైన పోదు. క్రింది రోడ్డులో, ప్రక్క సందులలో తిరగవలసినదే. అచ్చట ఇంజను బలం కంటె పొడవు తక్కువగా ఉండడం, తక్కువ చోటులో మలుపు తిరగడం ముఖ్యం. తొలి టాటా ఏస్ పొడవు సుమారు 3.8 మీటర్లు, ఇసుజు, టొయోటా సంస్థల పెద్ద పికప్పులు 5.3 మీటర్ల వరకు ఉంటాయి. మార్కెటు సందులో ఆ మీటరున్నర తేడాయే బండి వెనుకకు మళ్ళునా, మళ్ళదా అన్నది నిర్ణయిస్తుంది.

ఇంధనం విషయంలో పాత అనుభవం నేడు పూర్తిగా పనికిరాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. దానితో డీజిల్ బండ్ల పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే జల్లెడ వంటి ఫిల్టరు చేరింది. బండి కొంత దూరం ఆగకుండా వేగంగా నడిచినపుడు ఆ వేడికి మసి కాలిపోయి ఫిల్టరు తనంతట తానే శుభ్రపడుతుంది. రోజంతా రెండేసి కిలోమీటర్లు నడిచి ఆగే బండిలో ఆ అవకాశం లేక మసి పేరుకొంటుంది. హెచ్చరిక దీపం వెలుగుతుంది. మరమ్మతు ఖర్చు మీద పడుతుంది. కనుక చిక్కడపల్లి, రాంనగర్, నారాయణగూడల మధ్యనే తిరిగే బండికి పెట్రోలు గాని, సి.ఎన్.జి. గాని మేలు. బోయిన్‌పల్లి మార్కెటు నుంచి, సిద్దిపేట, జహీరాబాదు దారుల నుంచి సరుకు తెచ్చే బండికి డీజిల్ తగినది.

సి.ఎన్.జి. చవుక అయినను, సిలిండరు బరువు వలన మోయగల సరుకు కొంత తగ్గుతుంది. బంకు వద్ద నిరీక్షణ కాలం కూడ లెక్కలోనిదే. 2022లో టాటావారు విద్యుత్తుతో నడిచే ఏస్‌ను విడుదల చేశారు. 600 కిలోల సరుకు మోయగల దాని తొలి నమూనా ఒక్క చార్జికి 154 కిలోమీటర్లు పోతుందని పరీక్షలలో ధ్రువపరిచారు. నిండు బరువుతో, రద్దీలో అంతకంటె తక్కువే వస్తుంది. దినానికి అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరిగి, రాత్రి ఇంటివద్ద చార్జి పెట్టుకొనే వసతి గలవారు దానిని ఆలోచింపవచ్చును.

4. ఏ పనికి ఏ బండి

ఇక పేర్ల వద్దకు వద్దాము. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను జనం “ఛోటా హాథీ” అన్నారు. పెద్ద లారీ ప్రవేశింపలేని సందుకు సరుకు చేర్చడమే దాని జన్మ ప్రయోజనం. విడిభాగాలు ప్రతిచోటా దొరకడం, ప్రతి మిస్త్రీకీ దాని గుట్టు తెలియడం దానికి గల బలాలు. 600 కిలోల లోపు సరుకుతో ఊరిలోనే తిరిగేవారికి అది తగినది. 2015లో మహీంద్రావారు జహీరాబాదులో తయారు చేసిన జీతో కూడ ఇదే తరగతికి చెందినది. 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీకి 2020 తరువాత డీజిల్ ఇంజను లేదు, పెట్రోలు, సి.ఎన్.జి. రకాలే ఉన్నాయి. దాని నడక కారు వలె మృదువుగా ఉంటుంది. తేలిక సరుకుతో రోజంతా తిప్పేవారికి అది అనుకూలం.

టన్నుకు పైబడిన సరుకు గలవారు ఏస్‌ను కొని బాధించుట కంటె పై తరగతికి పోవడం మేలు. 2011లో అశోక్ లేలాండ్, నిస్సాన్ కలిసి తెచ్చిన దోస్త్ టన్నుంపావు సరుకును ఉద్దేశించినది. తరువాత నిస్సాన్ తప్పుకొన్నా అశోక్ లేలాండ్ దానిని కొనసాగించింది. 2019లో వచ్చిన టాటా ఇంట్రా కూడ ఈ మధ్య తరగతికి చెందినదే. మహీంద్రా బొలెరో పికప్పు టన్నుంపావు పైబడి 1.7 టన్నుల వరకు మోసే రకాలలో దొరుకుతుంది. దాని రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, నిచ్చెన వంటి గట్టి ఫ్రేము పల్లె దారులకు, దూర ప్రయాణాలకు తగినవి. కాని ఇరుకు సందులో దానిని త్రిప్పడం శ్రమ.

సొంత ప్రయాణానికి పికప్పు కోరేవారు వేరు. ఇసుజు డీ-మాక్స్ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారంలో తయారవుతున్నది. టొయోటా హైలక్స్ 2022లో మన దేశానికి వచ్చింది. రెండూ దృఢమైనవే. అయితే పికప్పు వెనుక కమాన్ పట్టీలను బరువు కొరకే బిగిస్తారు. ఖాళీగా పోయినపుడు వెనుక భాగం ఎగిరెగిరి పడుతుంది. వాన రోడ్డు మీద తేలికైన వెనుక చక్రాలు జారే ప్రమాదం ఉన్నది. ఏడాదికి పది దినాలు మాత్రమే సరుకు వేసేవారు ఆ పది దినాలకు బండిని కిరాయికి తెచ్చుకొని, మిగిలిన దినాలకు కారు నడుపుకొనుట తెలివైన పని.

5. కొనే ముందు

కంపెనీ ప్రకటన చదివే ముందు అడ్డాకు వెళ్ళి, అదే రకం బండిని మూడేండ్లుగా నడుపుతున్న అయిదుగురు డ్రైవర్లను కలవాలి. “బండి ఎట్లున్నది?” అని అడిగితే ప్రతివాడూ తన బండినే మెచ్చుకొంటాడు. “మొదట ఏ భాగం పోయింది? బాగుకు ఎన్ని దినాలు పట్టింది?” అని అడగాలి. అటుపైన సికింద్రాబాదు రాణీగంజ్ దుకాణాలలో క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు, కమాన్ పట్టీ ధరలు వ్రాసుకొని, రెండు బండ్లవీ ప్రక్క ప్రక్కన పెట్టి చూడాలి.

మైలేజీ తేడాను కూడ లెక్కించి చూడాలి. దినానికి 60 కిలోమీటర్ల చొప్పున 26 దినాలు తిరిగితే నెలకు 1,560 కిలోమీటర్లు. లీటరుకు 14 ఇచ్చే బండికి 111 లీటర్లు, 18 ఇచ్చే బండికి 87 లీటర్లు కావాలి. తేడా నెలకు సుమారు 25 లీటర్లు. అయితే ఆ మిగులు కోసం కొన్న బండి నెలకు మూడు దినాలు షెడ్డులో నిలబడితే మిగులంతా పోతుంది. బండి ఆగినా కిస్తీ ఆగదు. కనుక 26 దినాల సంపాదన మీద కాక, 20 దినాల సంపాదన మీద కట్టగల కిస్తీనే ఒప్పుకోవాలి.

చట్టం సంగతులు కూడ తెలిసి ఉండాలి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అవసరం లేదు. అయినను రిజిస్ట్రేషన్, బీమా, ఫిట్‌నెస్ తప్పవు. కొత్త బండికి ఎనిమిదేండ్ల వరకు రెండేండ్లకొకసారి, ఆపై ఏటేటా ఫిట్‌నెస్ పత్రం పొందాలి. తేలికపాటి మోటారు వాహనాల లైసెన్సు గలవారు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది.

విద్యార్థులారా! మీ ఇంటిలో బండి కొనే ప్రస్తావన వచ్చినపుడు, చదువుకొన్న బిడ్డగా మీరు చేయదగిన పని ఒకటి ఉన్నది. ఒక కాగితం మీద సరుకు పేరు, దాని బరువు, తిరిగే దారి, దినానికి ఎన్ని కిలోమీటర్లు, దగ్గరి మిస్త్రీ, ఇరువది దినాల సంపాదన అనే ఆరు విషయాలు వ్రాసి పెద్దల ముందు ఉంచండి. కంపెనీ పేరును అన్నిటికంటె చివర వ్రాయండి. పై ఆరూ సరిగా కుదిరినపుడు ఏడవది దాదాపు దానంతట అదే తేలుతుంది.